గడపలో అడిగిన ప్రశ్న

2023 మార్చి 8న వరంగల్–ఖమ్మం దారిలోని తొర్రూరులో మహిళా దినోత్సవ సభ పెద్ద ఎత్తున జరిగింది. అప్పటి మంత్రి కేటీఆర్ హాజరైన ఆ సభలో స్వయం సహాయక సంఘాలకు వడ్డీలేని రుణాల ముచ్చటే ముఖ్యం. అదే రోజు కరీంనగర్‌లో మరో మంత్రి హరీశ్‌రావు ‘ఆరోగ్య మహిళ’ పథకాన్ని ప్రారంభించారు. తొలి విడతలో వంద కేంద్రాలు, ప్రతి మంగళవారం ఆడవాళ్లకే కేటాయింపు, ఇచ్చే సేవల్లో క్యాన్సర్ పరీక్షలు కూడా. ఒకే ప్రభుత్వం, ఒకే రోజు, రెండు ఊళ్లు. ఒకచోట ఆడవాళ్ల చేతిలో డబ్బు గురించి మాట్లాడారు, మరోచోట ఆడవాళ్ల ఒంటి గురించి. ఈ రెండు మాటలూ ఇప్పటికీ వేర్వేరు దారుల్లోనే నడుస్తున్నాయి. మహిళా హక్కుల పేరుతో కూలి రేటు అడుగుతాం, భూమి పట్టా అడుగుతాం, గృహహింస మీద కేసు పెట్టమంటాం. క్యాన్సర్ పరీక్ష దగ్గరికొచ్చేసరికి అది ఆరోగ్య శాఖ వ్యవహారమో, ఏ క్లబ్బో ఏడాదికోసారి పెట్టే ఉచిత శిబిరమో అయిపోతుంది. ఆ పరీక్ష ఎవరో పెట్టే దానం కాదు, ప్రభుత్వం మహిళలకు పడ్డ బాకీ. ఆ బాకీని గట్టిగా అడగాల్సింది మహిళా సంఘాలే అన్నది ఈ వ్యాసం వాదన.

ముందు ‘అవగాహన’ అనే మాట సంగతి చూద్దాం. ఫిబ్రవరి 4న ప్రపంచ క్యాన్సర్ దినం, అక్టోబరులో గులాబీ రిబ్బన్లు, ఒక ర్యాలీ, ఒక ఫ్లెక్సీ, మర్నాటి పేపర్లో ఫొటో. దీని వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: ఆడవాళ్లకు తెలియదు, చెబితే బతుకుతారు. ఈ నమ్మకాన్ని మన దేశంలోనే కొలిచి చూశారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి బస్తీల్లోని సుమారు లక్షన్నర మంది మహిళలను రెండు జట్లుగా చేసి ఏళ్ల తరబడి గమనించింది. ఒక జట్టుకు క్యాన్సర్ గురించి చెప్పడంతో పాటు రెండేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేశారు. రెండో జట్టుకు మొదట్లో ఒకసారి చెప్పి వదిలేశారు. పరీక్ష అందిన జట్టులో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తక్కువని 2013లో ప్రకటించారు. రెండో జట్టుకు అందింది ఏమిటో గమనించండి. మన ర్యాలీల్లో పంచుతున్నదీ అదే, అవగాహన. పరీక్షకు నోచుకోని ఆ బస్తీ ఆడవాళ్లను అలా వదిలేయడం న్యాయమేనా అని వైద్య నీతి తెలిసినవాళ్లు నిలదీశారు, నిలదీయాల్సిందే. వాళ్ల ప్రాణాల ఖర్చుతో తేలిన నిజాన్ని తెలిసీ పక్కనబెట్టి, అదే సగం వైద్యాన్ని ఊరూరా పంచడాన్ని ఏమనాలి?

ఇంతకీ ఆ పరీక్ష కొండంత పనేమీ కాదు. తలుపు వేసుకునే గది, బల్ల, మంచి లైటు, శిక్షణ ఉన్న నర్సు కావాలి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పలచగా కలిపి, దూదితో గర్భసంచి మూతికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. మామూలు చర్మం గులాబీ రంగులోనే ఉంటుంది. తేడా ఉన్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది. అనువైన మచ్చయితే చల్లదనంతోనో వేడితోనో అక్కడికక్కడే మాడ్చేయొచ్చు, ఆ పనికి పట్టేది నిమిషాలే. ముంబయిలో ఈ పరీక్ష చేసింది పెద్ద డాక్టర్లు కారు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్‌గా మారేదాకా మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. పట్టుకోవడానికి ఇంత గడువిచ్చే క్యాన్సర్లు అరుదు. అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా లక్షా 27 వేల మందికి పైగా ఈ జబ్బు బారిన పడుతుంటే, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. ముప్పై దాటిన వారికి ఐదేళ్లకోసారి రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడో ఒకసారైనా ముఖద్వార పరీక్ష చేయించుకున్నది 1.9 శాతం, రొమ్ము పరీక్ష 0.9 శాతం. ముందున్న తమిళనాడు కూడా ముఖద్వార పరీక్షలో పది శాతానికి చేరలేదు.

కాగితం మీద ఈ పని మొదలయ్యేది ఇంటి గడప దగ్గర. ఆశా కార్యకర్త ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ ఒక ఫారం నింపాలి. ఆడవాళ్ల ప్రశ్నలు అందులో విడిగా ఉంటాయి. రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తపు చార వస్తోందా, ముట్లుడిగాక రక్తం కనిపించిందా, వాసనతో బట్ట అవుతోందా, భర్తతో కలిసిన తర్వాత రక్తం పడుతోందా. చివరి ప్రశ్న డాక్టర్‌కు చాలా విలువైనది. కానీ అడుగుతున్నది వాకిట్లో. అత్త అరుగు మీద కూర్చుని ఉంటుంది, పక్కింటామె గోడ మీద నుంచి చూస్తుంటుంది, ఆశాకు ఇంకా పదిళ్లు మిగిలి ఉంటాయి. కోడలు ఏం చెబుతుంది? ‘లేదు’ అంటుంది. ఫారంలో ‘లేదు’ గడిలో టిక్కు పడుతుంది, ఆ టిక్కు కంప్యూటర్లోకెక్కి ఫారం పూర్తయినవారి లెక్కలో కలుస్తుంది. ఆశాను తప్పుపట్టి లాభం లేదు, చేతికి ఫారం ఇచ్చి గది ఇవ్వనివాళ్లను అడగాలి. ఆ ‘లేదు’ను ‘ఉంది’గా చెప్పగలిగే చోటు ఆ కోడలికి దొరకడం వైద్యానికి ముందు మెట్టు. దానికి పేరు హక్కు.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. ఇది శాస్త్రం తేల్చే విషయం, హక్కులవాళ్లు దూరితే జనం బెదిరిపోతారు, ఖమ్మంలో అదే జరిగింది కదా అంటారు. ఆ ఖమ్మం సంగతి తొర్రూరుకు దూరంది కాదు. అక్కడి నుంచి ఖమ్మం రోడ్డున మరిపెడ దాటి పోతే తిరుమలాయపాలెం వస్తుంది. 2009లో ‘పాత్’ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పద్నాలుగు వేల మంది వరకు పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించాయి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నదే. కానీ 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక చూస్తే బెదురు ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. తల్లిదండ్రులను అడగలేదు, పిల్లలకు చెప్పలేదు. మహిళా ఆరోగ్య బృందాలు భద్రాచలం వెళ్లి బయటపెట్టింది ఈ సంగతినే. వాళ్లు ప్రశ్నించడం వల్ల టీకా ఆగిందనడం, పొగ చూపించినవాడే నిప్పు పెట్టాడనడం లాంటిది. ఆనాడు అమ్మానాన్నలకు అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకుని ఉంటే, టీకా అనగానే జంకే పరిస్థితి ఉండేదా?

క్యాన్సర్ అన్న మాటకు మన ఊళ్లలో ఇంకో చేదు చరిత్ర ఉంది. తెల్లబట్ట అవుతోందనో నడుం నొప్పనో వెళ్లిన ముప్పై ఏళ్ల కూలి మహిళతో ‘గర్భసంచి తీయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అని చెప్పి ఆపరేషన్ చేసిన ఉదంతాలను మెదక్ జిల్లాలో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ అధ్యయనం చేసి వెలుగులోకి తెచ్చారు. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అంటే పరీక్ష చేయకుండా భయపెట్టడం మనకు బాగా వచ్చు. పరీక్ష చేసి ధైర్యం చెప్పడమే రాలేదు. చౌకగా ఒక నిమిషంలో తేలే సంగతిని తేల్చకుండా అవయవాన్నే తీసేశారు. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. పరీక్షకు మాత్రమే ఒప్పుకున్న మహిళ మత్తులో ఉండగా ఆమె తల్లి దగ్గర అనుమతి తీసుకుని గర్భసంచి తీసేయడం చెల్లదంది. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించిందీ ఆ కోర్టే. ఇంత జరిగిన చోట శిబిరానికి రమ్మంటే ఓ తల్లి వెనకాడితే అది తెలియనితనం కాదు, తెలిసినతనం. పరీక్షలు పెరిగితే అనవసర వైద్యమూ పెరుగుతుందని కొందరు డాక్టర్లే హెచ్చరిస్తున్నారు. ఆ హెచ్చరికలో నిజముంది. అందుకే పరీక్ష ఒక్కటే అడిగితే సరిపోదు. ఏం చేస్తున్నారో ముందే చెప్పాలి, ఫలితం రాసిచ్చిన చీటీ ఆమె చేతికే రావాలి, వద్దనుకుంటే వద్దనే స్వేచ్ఛ ఉండాలి.

మన ఆడవాళ్లు పిలిచినా రారన్నది ఇంకో మాట. పక్కనున్న పాలకుర్తిలో తన పొలంలో పండిన గింజలు దొర గడీకి పోకుండా చాకలి ఐలమ్మ నిలబడిన నేల మీద ఈ మాట అనడానికి కొంచెం ఆలోచించాలి. రాకపోవడానికి లెక్కలున్నాయి. పత్తి ఏరే రోజుల్లో, నాట్లు పడే రోజుల్లో పొద్దున పది గంటలకు ఆస్పత్రికి రమ్మంటే ఆ పూట కూలి పోతుంది. పరీక్షలో తేడా కనిపిస్తే వరంగల్ పోవాలి, తొర్రూరు నుంచి దాదాపు యాభై కిలోమీటర్లు. అక్కడా కాకపోతే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు, అదే రోజు ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెరిగింది. ఈ రెండూ చిన్న విషయాలు కావు. అయితే బస్సు ఉచితమైనా తోడు వచ్చేవాళ్ల కూలి ఉచితం కాదు, ఇంట్లో పిల్లలకు వండిపెట్టే మనిషి ఉచితం కాదు. ‘ఇప్పుడు బాగానే ఉన్నావు కదా, ఎందుకు పోవడం’ అనే మొగుడి మాట దాటడం అన్నిటికన్నా కష్టం. నొప్పి లేనప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. నొప్పి లేని ఆడదానికి ఇంట్లోంచి కదలడానికి కారణం దొరకదు, అదే చిక్కు. టీకాతో ఈ బాధంతా పోతుందనేవాళ్లూ ఉన్నారు. టీకా పద్నాలుగేళ్ల పిల్లను కాపాడుతుంది. ఆ పిల్లను బడికి పంపుతున్న తల్లికి మాత్రం ఇప్పుడు పరీక్షే దిక్కు.

ఈ చిక్కు విప్పగల యంత్రాంగం ఊళ్లలో ఇప్పటికే ఉంది. పొదుపు సంఘాలు నెలనెలా కూర్చుంటాయి, తీర్మాన పుస్తకం రాస్తాయి, ఎవరు వాయిదా కట్టారో ఎవరు కట్టలేదో పైసాతో సహా చూస్తాయి. బ్యాంకు మేనేజర్‌ను నిలబెట్టి అడగగలిగిన మండల సమాఖ్య, మెడికల్ ఆఫీసర్‌ను మూడు లెక్కలు అడగలేదా? మన మండలంలో ముప్పై దాటిన ఎంతమందికి ఈ నెల తలుపు వేసిన గదిలో పరీక్ష అయింది, ఎంతమందిని వరంగల్‌కు రాశారు, రాసినవాళ్లలో ఎంతమంది వైద్యం ముగించుకుని తిరిగొచ్చారు. నాట్ల నెలలో శిబిరం పెట్టకుండా పని లేని నెలకు మార్చమని తీర్మానం చేయడం కూడా వాళ్ల చేతిలో పనే. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. వాయిదా కట్టని సభ్యురాలి పేరు పుస్తకంలోకెక్కినట్టు ఈ పేర్లు ఎక్కకూడదు. గర్భసంచికి సంబంధించిన మాట సంఘం మీటింగులో పడితే సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, మరుసటి నెల పరీక్షకు వచ్చేవాళ్లుండరు. పుస్తకంలో అంకెలే ఉండాలి. పేరు ఆమె దగ్గర, ఏఎన్‌ఎం దగ్గర ఆగిపోవాలి.