మారు తాళంచెవి

“సిస్టమ్ రిస్టోర్ వుండగా భయమేమిటండీ?” అంటారు చాలామంది. ఆ రిస్టోర్ పాయింటు కాపాడేది విండోస్ ఫైళ్ళనూ, ప్రోగ్రాములనూ, సెట్టింగులనూ మాత్రమే. అమ్మాయి పెళ్ళి ఫోటోలూ, అబ్బాయి థీసిసూ దాని లెక్కలోకి రావు. అసలు కొన్ని కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే వుంటుంది. ‘సిస్టమ్ ప్రొటెక్షన్’లో చూసి ఆన్ చేసి, డిస్కులో కాస్త చోటివ్వండి.

రికవరీ భాగం వుండేదీ సాధారణంగా ఆ డిస్కులోనే. డిస్కు పోతే రెండూ పోయినట్టే. మారు తాళంచెవిని కూడా అదే గుత్తికి తగిలించుకోవడమన్నమాట!

బ్రౌన్ దొర తాటాకు గ్రంథాలు పోగుచేసి వూరుకోలేదు. పండితులను కూర్చోబెట్టి కాగితాలమీద నకళ్ళు రాయించాడు. మనకంత శ్రమ లేదు. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి విడి హార్డ్ డిస్కొకటి తెచ్చుకుని, వారానికోసారి నకలు తీసి, తీగ పీకేసి బీరువాలో పెట్టండి. పెట్టేముందు ఒకటి రెండు ఫైళ్ళు తెరిచి చూడండి సుమా!