చెడిన ఫైలు – సభ్యుని లెక్క



పూర్వము సంఘపు లెక్కలు చిట్టా, ఆవర్జాలలో నుండెడివి. చెదలు తినిన పుస్తకమునందు సైతము కొన్ని పుటలు చదువుటకు వీలుండెడిది. 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణమునకై 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. అది హర్షింపదగినదే. అయినను కార్యదర్శులు తమ సౌకర్యార్థము ఎక్సెల్ పట్టికలను వ్రాసికొనుట యింకను గలదు. నా మనవి వానిని గూర్చియే.

నేనెఱిగిన యొక సంఘమున వసూళ్ల పట్టికను భద్రపఱచుచుండగా విద్యుత్తు పోయెను. మఱునాడు ఫైలు తెఱచుకొనలేదు. కార్యదర్శి తొందరపడి, అదే పేరుతో క్రొత్త పట్టికను భద్రపఱచెను. దానితో దక్కదగినదియు పోయెను. రశీదు దాచుకొన్న రైతు లెక్క నిలిచెను. దాచుకొననివాడు బాకీదారుగా గనబడెను. గడువులో చెల్లించిన పంట ఋణమునకు లభించు 3 శాతము వడ్డీ రాయితీ వానికి సందేహాస్పదమయ్యెను. ఈ నష్టమునకు విద్యుత్తు కంటె తొందరపాటే యెక్కువ కారణమని నా యభిప్రాయము.

ఫైలు చెడినప్పుడు మొట్టమొదట దానికి నకలు తీయవలెను, అసలును ముట్టరాదు. పిమ్మట ఎక్సెల్‌లో నకలు నెన్నుకొని, ‘ఓపెన్’ ప్రక్కనున్న బాణపుగుర్తును నొక్కినచో ‘ఓపెన్ అండ్ రిపేర్’ అను మార్గము కనబడును. ఫైలు బాగుపడనిచో, అంకెలను మాత్రము వెలికిదీయుటకును అందు వీలు కలదు. అదియు విఫలమైనచో లిబ్రేఆఫీసుతో తెఱచి చూడవలెను. 2007 నుండి వాడుకకు వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజమునకు పెక్కు పత్రములను గట్టిన జిప్ మూట. నకలు పేరు చివర ‘జిప్’ అని మార్చి విప్పినచో, ఒక పత్రము చెడినను తక్కినవి దక్కవచ్చును. అయితే అంకెలొక పత్రమునను, పేర్లు సాధారణముగా వేఱొక పత్రమునను ఉండును గావున, తెలిసినవారి సాయముతోనే యీ పని చేయుట మేలు. ఒకని చెల్లింపు వేఱొకని పేర బడినచో, పోయిన లెక్కకంటె అదియే యెక్కువ కీడు. దక్కిన ప్రతి పద్దును రశీదుల ప్రతిభాగములతో సరిచూచిన పిదపనే నమ్మవలెను.

“ఇది కార్యదర్శి పని, మాకేల?” యని కొందఱందురు. పని యతనిదే, కాని లెక్క మనది. ప్రతిదినము నకలు తీసి వేఱుచోట నుంచవలెను. నెలకొకసారి పట్టికను కాగితముపై నచ్చొత్తించి, పాలకవర్గము సంతకము చేయవలెను. ప్రతి సభ్యుడును చెల్లించిన వెంటనే రశీదు పుచ్చుకొని దాచుకొనవలెను.

వచ్చు సర్వసభ్య సమావేశమున రెండు ప్రశ్న లడుగుడు: మన లెక్కల నకలు ఎచ్చట నున్నది? దానిని కడపట నెన్నడు తెఱచి చూచితిరి?