ఆయుధము లేని యుద్ధము

వీడియో ఆటలు విద్యార్థులకు హానికరములని పెద్దలును, వానిని మించిన వినోదము లేదని పిల్లలును వాదించుట నేడు ఇంటింటను వినుచున్నాము. ఆటలన్నిటిని ఒక్క గాటను కట్టి నిందించుట కంటె, ఒక ఆటను తీసికొని దాని గుణదోషములను పరిశీలించుట మేలని నాకు తోచినది. నేనెన్నుకొన్నది ‘జామెట్రీ వార్స్’. రేఖాగణిత యుద్ధములని దీని అర్థము.

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున బిజార్ క్రియేషన్స్ అను సంస్థ దీనిని నిర్మించినది. 2003లో ఒక కారు పందెముల ఆటలో ఉపక్రీడగా పుట్టి, 2005లో ఇది స్వతంత్రముగా వెలువడెను. ఆ సంస్థ 2011లో మూతపడినను ఆట పేరు నిలిచినది. ఎడమచేతి పిడితో కదలుట, కుడిచేతి పిడితో కాల్చుట ఇందలి పద్ధతి. 1982లో అమెరికాలో వెలువడిన ‘రోబోట్రాన్: 2084’ వలన ఈ రెండు పిడుల పద్ధతి ప్రసిద్ధి కెక్కినది.

ఈ ఆటలో మనుష్యులు లేరు, రక్తము లేదు. శత్రువులన్నియు మనము నల్లబల్లపై గీయు ఆకారముల వంటివే. నీలి సమచతుర్భుజము మనలను తరుముకొని వచ్చును. ఆకుపచ్చని చతురస్రము గుండును తప్పించుకొనును. ఎఱ్ఱని వృత్తము గుండు తగిలిన పిదప సమీపించినవానినెల్ల తన వైపునకు లాగుకొనును. రూపమును చూచినంతనే స్వభావమును గుర్తింపలేనివాడు ఇందు నిలువజాలడు.

2008 నాటి రెండవ భాగములో ‘పాసిఫిజమ్’, అనగా శాంతివాదము, అను విభాగము కలదు. అందు ఆటగానికి ఆయుధమే లేదు. శత్రువులు వెంటాడుచుండగా ద్వారముల నడుమ దూరిపోవలెను. దూరినంతనే ద్వారము పేలి, చేరువనున్న ఆకారములు నశించును. ద్వారపు కొనలు తగిలినచో మనకే చేటు. తుపాకి తీసివేసినను ఆటలో రుచి తగ్గలేదు. కనుక ఇందలి ఆనందము కాల్చుటలో కంటె ఉపాయముగా మెలగుటలోనే అధికముగా కలదని నా అభిప్రాయము.

మరి దోషము లేదా? కలదు. 2005 నాటి ఆటకు గమ్యము లేదు. ఎంతటి నేర్పరికైనను తుదకు ఓటమియే. ఓడినంతనే “ఇంకొక్కసారి” యనిపించును. చెడుగుడు ఆడు పిల్లలు చీకటి పడగానే ఇంటికి చేరుదురు. దీనికి చీకటి లేదు. హాని గుండులో లేదు; గడియారమును మఱచుటలో ఉన్నది. అయితే ఆ రెండవ భాగములోనే మూడు నిమిషములకు ముగియు విభాగము కూడ కలదు. హద్దు ఉన్నంతమాత్రమున వినోదము చెడదనుటకు అదియే సాక్ష్యము.

తల్లిదండ్రులారా! నిషేధించుటకు ముందు ఒకనాడు బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఆట నియమములను తెలుగులో చెప్పుమని అడుగుడు. మనమున్న చోట వీధి భాష వేఱు, ఆటల భాష ఇంగ్లీషు. తెలుగు పాఠపు గదికే పరిమితమగుచున్నది. వృత్తము, సమచతుర్భుజము అను మాటలను పరీక్షకొఱకు నేర్చిన బాలుడు వానితో తన ఆటను వర్ణించినచో, ఆ మాటలు వానికి సొంతమగును.

విద్యార్థులారా! ఆడుడు, కాని ఎన్నిమారులో ముందే నిశ్చయించుకొనుడు. చెప్పిన వేళకు తనంతట తాను లేచు బిడ్డను ఏ తల్లియు మందలింపదు.