‘కిలోమీటరు దూరంలోని బంగారాన్ని పట్టేస్తుంది’: లాంగ్ రేంజ్ గోల్డ్ డిటెక్టర్లు నిజంగా పనిచేస్తాయా? పరీక్షల్లో ఏం తేలింది?

చేతిలో పిస్తోలు ఆకారంలో ఒక పిడి. దాని ముందు అటూ ఇటూ తిరిగే యాంటెన్నాలు. పొలంలో నడుస్తున్న మనిషి ఒకచోట ఆగగానే యాంటెన్నా పక్కకు తిరుగుతుంది. ‘ఇక్కడే’ అంటాడు. తవ్వితే నాణేలో, గాజులో బయటపడతాయి. కింద ఒక వాట్సాప్ నంబర్.

సోషల్ మీడియాలో ఇలాంటి వీడియోలు చాలానే కనిపిస్తాయి. వందల మీటర్ల దూరంలో, భూమిలో చాలా లోతున ఉన్న బంగారాన్ని కూడా ఈ పరికరం పసిగడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. గుప్తనిధుల మీద ఆశ ఉన్నవాళ్లు అప్పు చేసి మరీ వీటిని కొంటుంటారు. ఆ తర్వాత పాత గుళ్లు, కోటల దగ్గర తవ్వకాలు, ఆపై పోలీసు కేసులు.

అసలు ఇవి పనిచేస్తాయా? ఇప్పటివరకు జరిగిన పరీక్షలు ఏం చెప్పాయి? కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తుంటే మీరే ఎలా తేల్చుకోవచ్చు?

మామూలు మెటల్ డిటెక్టర్‌కు, దీనికి తేడా ఏంటి?

విమానాశ్రయాల్లో, గుళ్ల దగ్గర కనిపించే మెటల్ డిటెక్టర్ నిజంగా పనిచేసే యంత్రం. అందులోని తీగచుట్ట మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దగ్గర్లో లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఆ మార్పును యంత్రం గుర్తించి మోగుతుంది.

దీనికి ఉన్న పరిమితి దూరం. చిన్న వస్తువు విషయంలో దూరం రెట్టింపైతే తిరిగి వచ్చే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది. దూరం పది రెట్లయితే పది లక్షల్లో ఒక వంతు మాత్రమే మిగులుతుంది. అందుకే చేతితో పట్టుకునే డిటెక్టర్లు ఒక్క నాణేన్ని అడుగు లోతు వరకు గుర్తించగలిగితే గొప్ప. బిందె లాంటి పెద్ద వస్తువైతే ఇంకొంచెం లోతు.

‘లాంగ్ రేంజ్ లొకేటర్’ పేరుతో అమ్మేవి ఈ సూత్రం మీద పనిచేయవు. బంగారం నుంచి వచ్చే ‘ప్రత్యేక ఫ్రీక్వెన్సీ’ని, ‘అణువుల అనునాదా’న్ని పట్టుకుంటామని చెబుతాయి. కానీ భూమిలో ఉన్న బంగారం దూరానికి ఎలాంటి సంకేతాలనూ పంపదు. అది రేడియోధార్మిక పదార్థం కాదు, అయస్కాంతమూ కాదు. పంపని సంకేతాన్ని అందుకునే యాంటెన్నా ఉండదు.

మరి యాంటెన్నా ఎలా తిరుగుతోంది?

బోరు వేసే ముందు అరచేతిలో కొబ్బరికాయో, వై ఆకారపు వేపపుల్లో పట్టుకుని నీటి జాడ చెప్పేవాళ్లను మన ఊళ్లలో చూసే ఉంటారు. కాయ లేచి నిలబడుతుంది, పుల్ల వంగుతుంది. ఇక్కడ జరిగేదీ అదే.

మనకు తెలియకుండానే చేతి కండరాలు చేసే అతి చిన్న కదలికలే దీనికి కారణం. 1852లో బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం బెంజమిన్ కార్పెంటర్ దీన్ని ‘ఐడియోమోటర్’ ప్రభావం అన్నారు. సులువుగా తిరిగేలా బిగించిన యాంటెన్నా మణికట్టు కాస్త వంగినా పక్కకు జారుతుంది. ‘ఇక్కడ ఉండొచ్చు’ అని మనసులో అనిపిస్తే చాలు, చెయ్యి ఆ పని చేసేస్తుంది.

అందుకే పట్టుకున్న మనిషి కావాలని మోసం చేయకపోవచ్చు. అతను నిజంగానే నమ్ముతూ ఉండొచ్చు. నమ్మకంగా చెప్పేవాళ్ల మాట ఎదుటివారికీ నిజమనిపిస్తుంది.

పరీక్షల్లో ఏం తేలింది?

ఇదే తరహా పరికరాలను బంగారం కోసమే కాదు, డ్రగ్స్, బాంబుల కోసం కూడా అమ్మారు. కొన్నది ప్రభుత్వాలు. కాబట్టి పరీక్షలు, కోర్టు తీర్పులు రికార్డుల్లో ఉన్నాయి.

అమెరికా, 1996: ‘క్వాడ్రో ట్రాకర్’ అనే పరికరాన్ని స్కూళ్లకు, పోలీసు విభాగాలకు అమ్మారు. ఎఫ్‌బీఐ పరిశీలిస్తే అది యాంటెన్నా బిగించిన ప్లాస్టిక్ డబ్బా మాత్రమేనని తేలింది. ఫెడరల్ కోర్టు దాని అమ్మకాలను నిలిపేసింది.

థాయిలాండ్, 2010: బాంబులను గుర్తిస్తుందని సైన్యం వాడుతున్న ‘జీటీ 200’ను అక్కడి ప్రభుత్వం పరీక్షించింది. నాలుగు పెట్టెల్లో ఒకదానిలో పేలుడు పదార్థం పెట్టి, ఎక్కడుందో చెప్పమన్నారు. 20 సార్లలో 4 సార్లే సరిగ్గా చెప్పగలిగారు. కళ్లు మూసుకుని ఏదో ఒక పెట్టెను చూపించినా సగటున 5 సార్లు కుదరాలి.

ఇరాక్: ‘ఏడీఈ 651’ పేరుతో వచ్చిన పరికరం కథ ఇంకా విషాదం. పోయిన గోల్ఫ్ బంతులను వెతుకుతుందంటూ అమెరికాలో 20 డాలర్లలోపు అమ్మిన బొమ్మలాంటి వస్తువే దీనికి మూలం. బ్యాటరీ కూడా ఉండదు. దాన్నే ఒక్కోటి వేల డాలర్లకు ఇరాక్‌కు అమ్మారు. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో వాహనాలను దీంతోనే తనిఖీ చేశారు, బాంబులున్న వాహనాలు దాటిపోయాయి. అమ్మిన జిమ్ మెక్‌కార్మిక్‌కు 2013లో లండన్ కోర్టు పదేళ్ల జైలు శిక్ష వేసింది. జీటీ 200 అమ్మిన గ్యారీ బోల్టన్‌కు అదే ఏడాది ఏడేళ్ల శిక్ష పడింది.

అయినా ఇరాక్ చెక్‌పోస్టుల్లో ఆ పరికరాలు కొనసాగాయి. 2016 జులైలో బాగ్దాద్‌లోని కర్రాదాలో జరిగిన పేలుడులో 300 మందికి పైగా చనిపోయాకే వాటిని తీసేయాలని ప్రధాని ఆదేశించారు.

బంగారం డిటెక్టర్ మాత్రం వేరు కదా అని అమ్మేవాళ్లు అనొచ్చు. పిడి, తిరిగే యాంటెన్నా, ‘ఫ్రీక్వెన్సీ’ కథ అన్నీ అవే. వెతికే వస్తువు పేరు మాత్రమే మారింది.

మీరే పరీక్షించడం ఎలా?

దీనికి ల్యాబ్ అక్కర్లేదు. ఒకేలా ఉండే పది డబ్బాలు, ఒక బంగారు గొలుసు, ఇద్దరు మనుషులు చాలు.

1. ముందు అందరికీ కనిపించేలా గొలుసును ఒక డబ్బాలో పెట్టండి. పరికరం ఇక్కడ పనిచేస్తోందని అమ్మే వ్యక్తితోనే చెప్పించండి. తర్వాత ‘ఈ నేలలో తేమ ఉంది, పైన కరెంటు తీగలు ఉన్నాయి’ అనే సాకులకు చోటుండదు.

2. ఎన్నిసార్లు, ఎన్ని సరైతే పాసైనట్టో ముందే కాగితం మీద రాసుకోండి.

3. ఇప్పుడు ఆపరేటర్‌ను బయటకు పంపి, చీటీ తీసి వచ్చిన నంబరు డబ్బాలో గొలుసు పెట్టండి. పెట్టిన మనిషి అక్కడి నుంచి వెళ్లిపోవాలి. ఆపరేటర్ పక్కన ఉండేవారికి అది ఎక్కడుందో అస్సలు తెలియకూడదు. తెలిసినవాళ్ల చూపు, నడక కూడా జాడ చెప్పేస్తాయి.

4. ప్రతిసారీ చీటీ తీస్తూ పదిసార్లు చేయండి. పది పూర్తయ్యాకే ఫలితాలు సరిచూడండి.

ఊహించి చెబితే పదిలో సగటున ఒక్కటి సరవుతుంది. అదృష్టం బాగుంటే రెండో, మూడో కూడా కావచ్చు. మూడు లేదా అంతకంటే ఎక్కువ సరయ్యే అవకాశం 7 శాతం. అయిదు లేదా అంతకంటే ఎక్కువ అయ్యే అవకాశం మాత్రం సుమారు 600లో ఒకటి. కాబట్టి ‘అయిదు’ను గీతగా పెట్టుకోవచ్చు. నిజంగా పనిచేసే యంత్రమైతే పదికి పది చెప్పాలి. మామూలు మెటల్ డిటెక్టర్ ఈ పరీక్షలో తడబడకుండా పాసవుతుంది.

అమ్మేవాళ్లు ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే, అదే మీకు జవాబు. వాళ్లే పాతిపెట్టి వాళ్లే తీసే డెమోకు విలువ లేదు.

మరి ప్రభుత్వాలూ తవ్వాయి కదా?

తవ్వాయి. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా డౌండియా ఖేరాలో వెయ్యి టన్నుల బంగారం ఉందని ఒక స్వామీజీకి కల వచ్చిందన్న ప్రచారం నడిచింది. పురావస్తు శాఖ తవ్వింది. బంగారం దొరకలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో అధికారుల పర్యవేక్షణలో తవ్వకాలు జరిగాయి. అక్కడా నిధి బయటపడలేదు.

శాస్త్రీయ సర్వే పరికరాలు కూడా భూమిలో ఏదో తేడా ఉందని మాత్రమే చూపిస్తాయి. అది బంగారమా, బండరాయా అన్నది అవి చెప్పవు. గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ లాంటివి తడిసిన నల్లరేగడి నేలలో లోతుకు చూడలేవు కూడా.

చట్టం ఏం చెబుతోంది?

ఒకవేళ నిజంగానే ఏదైనా దొరికినా అది నేరుగా మీ సొంతం కాదు. ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం-1878 ప్రకారం నేలలో దాచిన, పది రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. సొంత పొలమైనా ఇదే నిబంధన. చెప్పకుండా దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే పురావస్తు చట్టాల కింద వేరే కేసులు ఉంటాయి.

ఇప్పటికే కొని మోసపోతే?

ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. బిల్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మోసం కింద పోలీస్ స్టేషన్‌లోనూ కేసు పెట్టొచ్చు. వాట్సాప్ చాట్‌లు, డెమో వీడియోలు, చెల్లింపు రసీదులు చెరిపేయకండి.

పరువు పోతుందనో, ‘నిధి కోసం కొన్నావా’ అని అడుగుతారనో చాలామంది బయటకు చెప్పరు. మెక్‌కార్మిక్ పరికరాలను కొన్నది ఒక దేశ ప్రభుత్వం. మోసపోయింది మీరొక్కరే కాదు. మీరు చెప్పకపోతే అదే వాట్సాప్ నంబరు రేపు ఇంకొకరికి ఫోన్ చేస్తుంది.