మనం హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటికాడ వరద వస్తే

పోస్టు కొంచెం పొడుగే. సెలవులకి ఇంటికి పోయే ముందు ఒకసారి చదవండి.

విపత్తులకి ప్రతి కుటుంబం ముందే ప్లాన్ వేసుకోవాలని కరపత్రాలు ఇస్తుంటారు. నీళ్ల బాటిళ్లు, బిస్కెట్ ప్యాకెట్లు, టార్చి, ఇన్సూరెన్స్ కాగితాలు ఒక బ్యాగులో సర్దుకోమంటారు. అది టౌన్లో మేడ ఇల్లు ఉన్నోళ్ల కోసం రాసింది. శబరి ఒడ్డున పెంకుటింట్లో, మేకలు, ముసలమ్మ, కుండల నిండా విత్తనాలు ఉన్న ఇంటికి అది సరిపోదు. అయినా ప్లానే అక్కర్లేదని మాత్రం నేను అనను. మన ఇంటికి సరిపడేది మనమే వేసుకోవాలి, అదీ మనం ఇంటికాడ లేకపోయినా నడిచేట్టు ఉండాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఎందుకంటే జూలై, ఆగస్టుల్లో వరద వచ్చేసరికి మనం హాస్టల్లో ఉంటాం. ఇంట్లో చదువొచ్చినోళ్లమూ మనమే, మంచి ఫోన్ ఉన్నదీ మన దగ్గరే. ఇంటికాడ మిగిలేది అమ్మ, నాన్న, నానమ్మ, చిన్నపిల్లలు. కరెంటు పోయిన రెండో రోజుకి వాళ్ల దగ్గరున్న చిన్న ఫోనూ ఆగిపోతుంది.

పెద్దోళ్లు ఒక మాట అంటారు. "86 వరదకే నీళ్లు ఈ చింతచెట్టు దాటలేదు, ఇప్పుడు వస్తాయా?" వాళ్ల గుర్తులు ఉత్తివి కావు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది, 2022 జూలైలో 71.3 అడుగులు. అంటే 86 దే పెద్దది. కానీ పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక నీళ్లు నిలిచే తీరు మారిందని కూనవరం, వి.ఆర్.పురం వైపు ఎవర్నడిగినా చెబుతారు. కాబట్టి పాత చెట్టు గుర్తు ఒక్కదాన్నే నమ్మి కూర్చోవడం నాకు భయంగానే ఉంటుంది.

భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. మనది దాని దిగువ. ఇంకో సంగతి, మన ఊళ్లో చుక్క వాన లేకపోయినా వాగు పెరుగుతుంది. కూనవరం దగ్గర గోదావరి నిండుగా ఉంటే శబరి నీళ్లు అందులోకి పోలేక వెనక్కి తంతాయి, ఆ ఎగపోటు మన వాగుల్లోకి ఎక్కుతుంది. వాన లేదు కదా అని పడుకున్న ఇంటికి తెల్లారేసరికి దారి ఉండదు. అందుకే మేం ఇంట్లో ఒక మాట అనుకున్నాం. రెండో హెచ్చరిక అని నేను హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే ఇంకో మాట లేకుండా నానమ్మ, పిల్లలు గుట్టకి. ఫోన్ కలవకపోతే వాగు దగ్గర రాయికి సున్నం గీత పెట్టాం, నీళ్లు ఆ గీత తాకితే కదలాలి. నానమ్మకి చదువు రాదు, గీత అర్థమవుతుంది.

నానమ్మని ఎవరు మోయాలో పేరు పెట్టి అనుకోండి. ఎవరో ఒకరు మోస్తారులే అనుకుంటే ఆ టైముకి అందరూ సామాన్ల దగ్గరే ఉంటారు. మా ఇంట్లో చిన్నబాబాయి. ఆయన ఊళ్లో లేకపోతే పక్కింటి అన్న. ఇంట్లో నెలలు నిండేది వానాకాలంలో అయితే వరద దాకా ఆగొద్దు. డేటుకి ముందే ఆస్పత్రి దగ్గర గర్భిణుల వసతి గృహానికి పంపేయండి. దారి తెగాక డోలీ మోసే బాధ మన అందరికీ తెలిసిందే.

తిండి గురించి నాకు పెద్ద బెంగ లేదు, మనోళ్లకి గుట్ట మీద నాలుగు రోజులు గడపడం వచ్చు. 2022లో టార్పాలిన్ల కింద ఎన్ని ఊళ్లు ఉన్నాయో చూశాం కదా. విత్తనాలు మాత్రం ముందే ఎత్తులో పెట్టించండి. నీళ్లు కాచి తాగమని గట్టిగా చెప్పండి. గుట్ట మీదకి మనతో పాటు పాములూ వస్తాయి. కట్లపాము కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు. గాటు పెట్టొద్దు, తాడు బిగించొద్దు, నోట్లో పసరు పోయొద్దు. కాలు కదలకుండా ఉంచి పడవ మీదైనా సరే ఆస్పత్రికి తీసుకుపోవాలి, విషానికి ఇంజెక్షన్ అక్కడే ఉంటుంది.

ఇక కాగితాలు. నా మటుకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. ఇల్లు పడితే మళ్లీ కట్టుకుంటాం. కుల సర్టిఫికెట్, టెన్త్ మెమో, ఆధార్, రేషన్ కార్డు, జాబ్ కార్డు, బ్యాంకు పుస్తకం, అటవీ హక్కుల పట్టా తడిసి ముద్దయితే ఆఫీసుల చుట్టూ తిరిగేది మన అమ్మానాన్నలు, ఒక్కో రోజు కూలి పోగొట్టుకుని. పరిహారం కోసం పోయినా మొదట అడిగేది కాగితమే. మా ఊళ్లో ఒకాయన పట్టా చూరులో దాచాడు, చూరు ఎత్తుగానే ఉంది, కానీ గోడే కూలింది. యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరు కడిగి, ఆరబెట్టి, అందులో అన్నీ పెట్టి మూతి కట్టి దూలానికి వేలాడదీయండి. అమ్మ ముందు అది పట్టుకోవాలి, తర్వాతే గిన్నెలు. ఒక సెట్టు జిరాక్సులు మన హాస్టల్ ట్రంకు పెట్టెలో, ఫోటోలు ఫోన్లో ఉండాలి. వరద రాని చోటు మన కుటుంబానికి ఏదన్నా ఉందంటే అది ఆ ట్రంకు పెట్టే.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సింది కదా అని కొందరు అన్నలు అంటారు. పునరావాసం, పడవలు, రోడ్డు, టవరు అన్నీ అడగాల్సిందే, నేనూ అడుగుతాను. కానీ ఆ పడవ వచ్చేలోపు ఉన్న రాత్రి మన ఇంటిదే.

మా ఇంట్లో ఇంకా తేలనిది మేకల సంగతి. నాన్న వాటిని వదిలి గుట్టెక్కనంటాడు. ముందు రోజే తోలుకుపోదామంటే పైన మేత లేదంటాడు. మీ ఊళ్లల్లో ఏం చేస్తున్నారో తెలిసినోళ్లు కింద రాయండి.