మేయర్‌ని ఎన్నుకోని రాజధాని

ఘానా రాజధాని అక్రాలో మేయర్‌ని ప్రజలు ఎన్నుకోరు, దేశాధ్యక్షుడు వేస్తాడు. జనం మేయర్ అనే పిలుస్తారు గానీ, కాగితం మీద ఆ పదవి పేరు మెట్రోపాలిటన్ చీఫ్ ఎగ్జిక్యూటివ్. అక్రా ఒక్కటే కాదు, దేశంలో ఉన్న 261 స్థానిక అసెంబ్లీలదీ ఇదే పద్ధతి. 1992 రాజ్యాంగం వచ్చాక ఓటుతో ప్రభుత్వాలను మళ్లీ మళ్లీ మార్చిన దేశం ఇది. అధ్యక్షుడినే ఇంటికి పంపగల ఓటరు, తన వీధి చెత్త ఎత్తించాల్సిన మనిషిని మాత్రం పంపలేడు. నాకిది విడ్డూరంగా అనిపిస్తుంది.

"అసెంబ్లీ ఆమోదం ఉండాలి కదా" అనొచ్చు. నిజమే, రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం ఓటేసిన సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. కానీ 242వ అధికరణం చూడండి. సంప్రదాయ పెద్దలను సంప్రదించి, సభ్యుల్లో 30 శాతం దాకా అధ్యక్షుడే నియమించొచ్చు. ఓటున్నవాళ్లు 100 మంది అనుకుందాం. కావాల్సింది 67. అందులో 30 ఆయన వేసినవాళ్లవే అయితే, ఎన్నికైన 70 మందిలో 37 మంది చాలు. చూడ్డానికి పెద్ద గోడే, దాటాల్సింది మాత్రం సగానికి కాస్త ఎక్కువ. అసెంబ్లీలు పేర్లను తిప్పికొట్టిన సందర్భాలున్నాయి. అయినా ఇంకో పేరు పంపేది మళ్లీ ఆయనే.

ఈ అలవాటు పాతది. బ్రిటిష్ పాలనలో జిల్లా కమిషనర్ గవర్నర్ మనిషి. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక ఎన్‌క్రుమా ప్రభుత్వం ఆ కుర్చీల్లో పార్టీ మనుషుల్ని కూర్చోబెట్టింది. 1988లో రాలింగ్స్ సైనిక ప్రభుత్వం జిల్లా అసెంబ్లీలు పెట్టి, వాటి ఎన్నికల్లో పార్టీలు వద్దంది. పైన కూర్చునే మనిషిని మాత్రం తనే వేసింది. 1992 రాజ్యాంగం ఈ రెండింటినీ అలాగే ఉంచింది. కుర్చీ పేర్లు మారాయి గానీ జుట్టు పైవాళ్ల చేతిలోనే ఉంది.

దీనివల్ల నష్టం ఏంటి? 2015 జూన్ 3న అక్రాలో వరద వచ్చింది, దాంతో పాటే ఒక పెట్రోల్ బంక్ పేలింది. రెండింట్లో కలిపి 150 మందికి పైగా చనిపోయారు. కాలువలు పూడుకుపోవడం, నీళ్లు పోయే దారిలో ఇళ్లు కట్టడం అక్కడి వరదలకు ఎప్పుడూ చెప్పే కారణాలు. చెత్త, కట్టడాల అనుమతులు నగర అసెంబ్లీ పనులే. మరి కోపమొచ్చిన అక్రా ఓటరు ఏం చేయాలి? దేశం మొత్తం అధ్యక్ష ఎన్నిక దాకా ఆగాలి. అందుకేనేమో ఈమధ్య స్థానిక ఎన్నికలకు సగం మంది ఓటర్లు కూడా రావట్లేదు.

మార్చే ప్రయత్నం జరిగింది. అధ్యక్షుడు అకుఫో-అడ్డో ప్రభుత్వం రెండు సవరణలు తెచ్చింది. ఒకటి, మేయర్లను ప్రజలే ఎన్నుకోవడం. దీనికి పార్లమెంటులో మూడింట రెండొంతులు చాలు. రెండోది, 55(3) మార్చి స్థానిక ఎన్నికల్లోకి పార్టీలను రానివ్వడం. దీనికి రెఫరెండం తప్పనిసరి. కనీసం 40 శాతం పోలింగ్, పడిన ఓట్లలో 75 శాతం "అవును" ఉండాలి. 2019 డిసెంబర్ 17కి తేదీ కూడా పెట్టారు. ప్రతిపక్ష ఎన్‌డీసీ వద్దంది, సంప్రదాయ పెద్దలూ వద్దన్నారు. డిసెంబర్ 1న అధ్యక్షుడు రెఫరెండం రద్దు చేశాడు, మొదటి సవరణనూ వెనక్కి తీసుకున్నాడు.

సీఎస్ఈ వాళ్లకి వెంటనే అర్థమయ్యే తప్పు ఇది. సంబంధం లేని రెండు మార్పుల్ని ఒకే కమిట్‌లో పెడితే, ఒకటి రిజెక్ట్ అయినప్పుడు రెండోదీ పోతుంది. పార్టీలు వద్దన్నవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఎన్‌పీపీ, ఎన్‌డీసీ గొడవలు ప్రతి పల్లెకీ పాకుతాయని వాళ్ల బాధ. కానీ మేయర్‌ని ఎన్నుకోవడానికి పార్టీ గుర్తు ఉండి తీరాలా? అసెంబ్లీ సభ్యులు గుర్తు లేకుండానే గెలుస్తున్నారు కదా. పైగా ఇప్పుడున్న మేయర్లు పార్టీకి దూరమేం కాదు. 2017లో, 2025లో కొత్త అధ్యక్షుడు రాగానే పాతవాళ్లంతా దిగిపోయారు. పార్టీ ఎప్పుడో లోపలికి వచ్చేసింది, ఓటరే బయట ఉన్నాడు.

మనం నవ్వుకోవడానికేం లేదు. మన కార్పొరేషన్లలో మేయర్ ఉన్నా, అసలు పనులు నడిపే కమిషనర్‌ని వేసేది రాష్ట్ర ప్రభుత్వమే. ఆ పద్ధతి మనకీ బ్రిటిష్ కాలం నుంచే వచ్చింది.

2025లో అధ్యక్షుడు మహామా రాజ్యాంగ సమీక్షకి కొత్త కమిటీ వేశాడు. నా మాట ఒక్కటే. ముందు 243 ఒక్కదాన్నే మార్చండి. పార్టీల సంగతి వేరేగా, తీరిగ్గా తేల్చుకోవచ్చు. కాలువ పూడిక తీయించే మనిషిని ఎన్నుకునే హక్కు దానికోసం ఆగక్కర్లేదు. మీకు వేరేలా అనిపిస్తే వచ్చే సంచికకి రాయండి, వాదించుకుందాం.