దయకు పన్ను

చిన్న కంపెనీలకు లెక్కలు రాసి పొట్టపోసుకునేవాడికి దయగల యజమాని దొరకడం అదృష్టమని మీరనుకుంటారు. 2023 మార్చి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

బెజవాడ ఆటోనగరులో పందొమ్మిది మంది పనిచేసే లేతు మిషన్ల షెడ్డు అది. (పేరు చెప్పను, ఇప్పటికీ అక్కడ నా కుర్చీ వున్నది.) పేరుకు ప్రైవేటు లిమిటెడ్ అయినా నడిచేది ఇల్లు నడిచినట్టే. పండక్కి బట్టలు, పిల్లల ఫీజులకు చేబదుళ్లు. 2022లో దసరా వెళ్లిన వారం మేస్త్రిగారి భార్యకు పిత్తాశయంలో రాళ్లు చీముపట్టి, రాత్రికి రాత్రి ఆపరేషను చేయవలసివచ్చింది. దగ్గరలోని నర్సింగుహోముకు తీసుకుపోయారు. బిల్లు 1,60,000 రూపాయలు. యజమాని మారుమాట లేకుండా కంపెనీ చెక్కు ఇచ్చేశారు. నేను ఖాతాలో "సిబ్బంది సంక్షేమం" అని రాసి, మంచిపని జరిగిందని సంతోషించాను.

ఏడాది ఆఖరున జీతాల లెక్క తేలుస్తుంటే గుండె గుభేలుమంది. ఉద్యోగి కట్టవలసిన బాకీని యజమాని కడితే, అప్పటి 1961 ఆదాయపుపన్ను చట్టం దాన్ని జీతంలో కలుపుతుంది. వైద్యానికి మినహాయింపు లేకపోలేదు. ప్రభుత్వాసుపత్రి అయితే బిల్లు ఎంతైనా పన్ను లేదు. ఆదాయపుపన్ను శాఖవారు ఆమోదించిన ఆసుపత్రి అయి, జబ్బు జాబితాలోదైతే అప్పుడూ లేదు. పిత్తాశయం ఆపరేషను జాబితాలోదే. ఆ నర్సింగుహోముకే ఆమోదం లేదు! అర్ధరాత్రి మెలికలు తిరిగిపోతున్న మనిషిని మోసుకుపోతూ, "అయ్యా, మీకు చీఫ్ కమిషనరుగారి ఆమోదం వున్నదా?" అని అడిగేదెవరు?

మేస్త్రిగారికి తగ్గింపులన్నీ పోను ఆదాయం 4,60,000. ఆ ఏడు పాత పద్ధతిలో 5 లక్షలు దాటకపోతే రిబేటు పుణ్యమా అని పన్ను సున్న. బిల్లు కలిపితే 6,20,000 అయింది. రిబేటు ఎగిరిపోయింది. మొదటి 5 లక్షలకు 12,500, పై 1,20,000కు నూటికి ఇరవై చొప్పున 24,000, సెస్సు 1,460. వెరసి 37,960. మార్చి జీతంలో అది కోస్తే ఆయన ఇంటికి పట్టుకుపోయేది కూరగాయల డబ్బు.

"బాబుగారూ, మా ఆవిడ కడుపుకోసినదీ నా సంపాదనేనా?" అన్నారు మేస్త్రిగారు. నేను కాగితాల్లోకి చూశాను.

"పోనీ, ఆ సొమ్ము వడ్డీ లేకుండా అప్పిస్తాను, నెలనెలా తీర్చుకుంటాడు" అన్నారు యజమాని. నేను పేజీ తిప్పాను. 20,000 దాటిన వడ్డీలేని అప్పుకు, అది జాబితాలోని జబ్బుకు వైద్యం కోసం ఇచ్చినది కాకపోతే, స్టేటు బ్యాంకు రేటున వడ్డీ కట్టి, దాన్నీ జీతంలో కలపమని 1962 నిబంధనల్లో వున్నది!

ఆయన కాసేపు ఊరుకుని, "మరి నా కారు?" అన్నారు. కారు కంపెనీది. పెట్రోలు, రిపేర్లు, డ్రైవరు జీతం కంపెనీవి. షెడ్డుకూ అదే, పెళ్లిళ్లకూ అదే. ఆ నిబంధనల ప్రకారమే అంత పెద్ద ఇంజను కారుకు నెలకు 2,400, డ్రైవరుకు 900. ఏడాదికి 39,600 ఆయన జీతంలో కలిపితే చాలు. కారులో పని యెంతో షికారు యెంతో విడదీయలేక ఒక నామమాత్రపు అంకె వేశారు. ఆసుపత్రికి రసీదు వున్నది గనుక రూపాయికి రూపాయి పట్టారు. నాకది న్యాయంగా తోచలేదు. ఆయనకూ తోచలేదని ముఖమే చెప్పింది.

నిజానికి తప్పు నాది. ముందే అందరికీ వైద్య ఇన్సూరెన్సు చేయించమని చెప్పవలసినవాణ్ణి. కంపెనీ కట్టే ఆ ప్రీమియం ఉద్యోగి జీతంలో కలవదు. దీపావళికి నగదు కవరు ఇస్తే జీతమనీ, 5,000 లోపు కుక్కరు ఇస్తే కానుకేననీ యేటా గుర్తుచేసేవాణ్ణి, ఇది మరిచాను.

2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడనందున అలాంటి మేస్త్రులు ఒడ్డునపడ్డారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి 2025 చట్టం వచ్చింది. సదుపాయాన్ని జీతంగా లెక్కకట్టడం అందులోనూ వున్నది.

ఆ ఏప్రిల్‌లోనే పందొమ్మిది కుటుంబాలకు పాలసీ తీసుకున్నాం. ఫారములో "పూర్వం వచ్చిన జబ్బులు" అన్న గడి దగ్గర ఆగి, యేం రాయమంటారని మేస్త్రిగారిని అడిగాను.

"పిత్తాశయం పోయింది, పన్ను కట్టాం అని రాయండి బాబుగారూ" అన్నారాయన.